తీర్మానం నుంచి ఇంటి గుమ్మం దాకా

మీ ఇంట్లో తొమ్మిదో, పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళ సాంఘిక శాస్త్రం పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. ఐక్యరాజ్య సమితి, దాని అనుబంధ సంస్థలు, అవి ఏర్పడిన సంవత్సరాలు, ప్రధాన కార్యాలయాలున్న నగరాలు అక్కడ వరసగా కనిపిస్తాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరచిపోతారు. అందుకు వాళ్ళను తప్పుపట్టలేం. ఆ సంస్థలు ఎలా పనిచేస్తాయి? వాటి మాట ఎవరు వింటారు? వినకపోతే ఏమవుతుంది? పదిహేనేళ్ళ పిల్లలు అడిగే ప్రశ్నలు ఇవి. జాబితాలో వీటికి జవాబు ఉండదు.

ఒక సంస్థ చేసిన ఒక పనిని మొదటినుంచి చివరిదాకా వెంబడిస్తే జవాబు దొరుకుతుంది. ఢిల్లీవాసులు అందుకు జెనీవా దాకా వెళ్ళనక్కరలేదు. నేనుండే మయూర్ విహార్ ఫేజ్-1లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్, యమున దాటగానే వచ్చేది, ఇంద్రప్రస్థ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయం 1970లలో ఆ ఇంద్రప్రస్థ ఎస్టేట్‌లోనే ఉండేది. మన దేశంలో మశూచి మీద జరిగిన ఆఖరి పోరాటంలో ఆ కార్యాలయం, కేంద్ర ఆరోగ్య శాఖ కలిసి పనిచేశాయి.

రెండు ఓట్ల తేడా

ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చింది. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ అలిగి బయటికి వెళ్ళింది. 1956లో తిరిగి వచ్చింది. 1958లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభలో సోవియట్ ప్రతినిధి విక్తర్ ఝ్దానోవ్ మశూచిని భూమి మీద లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజులవి. అయినా 1959లో సభ ఆ తీర్మానాన్ని ఆమోదించింది.

తర్వాత ఏడేళ్ళపాటు పని నత్తనడక నడిచింది. డబ్బు లేదు, సిబ్బంది లేరు, సంస్థ దృష్టి అంతా మలేరియా మీద ఉంది. చివరకు 1966లో ఏడాదికి 24 లక్షల డాలర్ల ప్రత్యేక నిధి ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. అవసరమైన దానికన్నా రెండే ఓట్లు ఎక్కువ రావడంతో అది గట్టెక్కింది. 1967లో మొదలైన ఉధృత కార్యక్రమానికి అమెరికన్ వైద్యుడు డి.ఎ. హెండర్సన్ నాయకుడు. అప్పటికి 31 దేశాలలో మశూచి స్థానికంగా పాతుకుపోయి ఉంది. తీవ్రరూపం సోకినవారిలో పదిమందికి ముగ్గురు చొప్పున చనిపోయేవారు.

ఈ రోజుల్లో చాలా పాఠశాలల్లో పిల్లల చేత నమూనా ఐక్యరాజ్య సమితి ఆడిస్తున్నారు. మంచిదే. కాని ఆ ఆట తీర్మానం నెగ్గడంతో ముగిసిపోతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుందని 1959 తీర్మానం చెబుతోంది.

లెక్కల్లో టీకాలు, పల్లెల్లో మశూచి

భారత ప్రభుత్వం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. జనాభాలో అత్యధికులకు టీకా వేస్తే వ్యాధి దానంతటదే పోతుందని ఆలోచన. కోట్ల టీకాలు వేశారు, మశూచి మాత్రం పోలేదు. బడిపిల్లలు తేలిగ్గా దొరుకుతారు కనుక వాళ్ళకే మళ్ళీ మళ్ళీ పడింది. పనికోసం ఊళ్ళు తిరిగే కూలీలు, చంటిపిల్లలు మిగిలిపోయారు. రిజిస్టరులో సంఖ్య పెరిగింది, వైరస్‌కు దారి మూసుకుపోలేదు.

వ్యాధి స్వభావమే కొత్త మార్గం చూపింది. మశూచి మనుషులకు తప్ప జంతువులకు రాదు. పొక్కులు పైకి కనిపిస్తాయి కనుక దాగదు. రోగి దగ్గరకు వెళ్ళినవారికి కొద్ది రోజుల్లోగా టీకా వేసినా చాలావరకు రక్షణ దొరుకుతుంది. అంటే ఊరంతటికీ వేయడంకంటే రోగిని వెతికి పట్టుకుని, అతని చుట్టూ ఉన్నవారికి వెంటనే వేయడం మేలు. అమెరికన్ వైద్యుడు విలియం ఫోగీ నైజీరియాలో ఈ పద్ధతిని ప్రయోగించి చూశాడు. 1973 శరత్కాలం నుంచి మన ఉత్తరాది రాష్ట్రాలలో ఇంటింటి గాలింపు మొదలైంది. ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయంలో మశూచి విభాగాన్ని నికోల్ గ్రాసే అనే వైద్యురాలు నడిపించారు.

గాలించేవారి చేతిలో మశూచి సోకిన పిల్లవాడి రంగు ఫోటో ఉన్న కార్డు ఉండేది. ఈ ఉపాయం ఇండోనేసియాలో పుట్టింది. అక్కడ బడులకు వెళ్ళి, ఇలాంటి వాళ్ళెవరైనా మీ ఇళ్ళ దగ్గర ఉన్నారా అని పిల్లలను అడిగేవారు. పెద్దలు దాచినా పిల్లలు చెప్పేవారు. మీ పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. ప్రపంచ సంస్థకు సమాచారం అందించింది వాళ్ళ ఈడువాళ్ళే.

టీకా మందు ఎక్కడిది? కొంత సోవియట్ యూనియన్ ఉచితంగా ఇచ్చింది. కొంత మన దేశంలోనే తయారైంది. అలా తయారుచేసిన నాలుగు కేంద్రాలలో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. రెండు మొనల సూదిని కనిపెట్టింది అమెరికాలోని వైయెత్ కంపెనీలో పనిచేసిన బెంజమిన్ రూబిన్. కంపెనీ రాయల్టీ వదులుకుంది. పాత పద్ధతిలో పట్టే మందులో నాలుగోవంతుతోనే ఆ సూదితో పని జరిగేది.

1974లో మన దేశంలో 1,88,000కు పైగా కేసులు, 31,000కు పైగా మరణాలు నమోదయ్యాయి. వెతికినకొద్దీ కేసులు బయటపడటంతో ప్రభుత్వాలు ఇరుకునపడ్డాయి. బీహారులో పాత పద్ధతికే తిరిగి వెళ్దామన్న ఒత్తిడి వచ్చింది. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు ఆ ఇంటిమీద పోస్తాం గాని ఊరంతా పోయం కదా అని ఒక యువ వైద్యుడు వాదించాడని ఫోగీ తర్వాత రాశాడు. కొత్త పద్ధతి నిలిచింది. ఏడాది తిరిగేసరికి, 1975 మేలో, మన దేశంలో చివరి కేసు నమోదయింది.

చెప్పకుండా వదలకూడనిది

ఈ కథను విజయగాథగా మాత్రమే చెబితే పిల్లలను మోసగించినట్టే. మన పల్లెల్లో మశూచి అంటే అమ్మవారు పోయడం, పోలేరమ్మకు మొక్కుకోవడం. టీకా వేయించుకుంటే తల్లికి కోపం వస్తుందని భయపడ్డవారు ఉత్తరాదిన కూడా ఎందరో. 1974-75లో కొన్నిచోట్ల రాత్రిపూట తలుపులు బద్దలుకొట్టి, మనుషులను పట్టుకుని బలవంతంగా టీకాలు వేశారు. ఇందులో పాల్గొన్న విదేశీ నిపుణులే తర్వాత ఆ సంగతి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు సొంత పోలీసులు లేరు. బలవంతం చేసే అధికారం ఎప్పుడూ దేశ ప్రభుత్వానిదే. ప్రాణం కాపాడటానికి తలుపు విరగ్గొట్టవచ్చా? ఈ ప్రశ్నకు పిల్లలను వాదించుకోనివ్వండి. మీ జవాబు ముందే చెప్పకండి.

1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతరించిందని ప్రకటించింది. తర్వాత పోలియో వంతు వచ్చింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదయింది. ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమన్న ధ్రువపత్రం 2014 మార్చి 27న ఢిల్లీలోనే ఇచ్చారు.

కోవిడ్ నాడు కథ వేరుగా నడిచింది. టీకాల మేధోహక్కులను తాత్కాలికంగా సడలించమని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. 2022 జూన్‌లో దక్కింది పరిమితమైన సడలింపే. రూబిన్ సూదికి దొరికిన వెసులుబాటు వీటికి దొరకలేదు. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలుగుతున్నట్టు ప్రకటించింది. 1949 సంగతి తెలిసిన పిల్లలు ఈ వార్తను వేరుగా చదువుతారు. పెద్ద దేశం వెళ్ళిపోవడం కొత్త కాదని, తిరిగి వచ్చాకే గొప్ప పని మొదలైందని వాళ్ళకు తెలుసు. ఆ మధ్య కాలంలో ఎవరు నష్టపోయారని కూడా అడుగుతారు.

ఈసారి అంతర్జాతీయ సంస్థల పాఠం వచ్చినప్పుడు మీ పిల్లలకు ఐదు ప్రశ్నలు ఇవ్వండి. ఎవరు తీర్మానించారు? ఎవరు డబ్బు పెట్టారు? సరుకు ఎవరు తయారుచేశారు? గుమ్మం దాకా ఎవరు మోశారు? ఎవరు వద్దన్నారు, ఎందుకు? సంస్థ ఏదైనా ఈ ఐదూ సరిపోతాయి. మొదటి పాఠానికి ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో ముంజేయి చూపించమనండి. చిన్న బి.సి.జి. మచ్చ కాదు, మశూచి టీకా వేసిన పాత మచ్చ. దాని గురించి ఈ ఐదు ప్రశ్నలూ అడగమనండి.