మూలకణాలన్నీ ఒకటి కాదు

ఆదోని మార్కెట్‌కొచ్చే పత్తంతా ఒకటే రకమా? కాదు కదా. పింజని బట్టి నూలు, నూలుని బట్టి బట్ట. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర ఎవర్నడిగినా ఇదే చెప్తారు. స్టెమ్ సెల్స్, అదే మూలకణాల చరిత్ర కూడా నాకు అలాగే కనిపిస్తుంది.

ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే కణాలున్నాయని 1961లో టిల్, మెకల్లక్ ఎలుకల్లో చూపించారు. 1988లో పారిస్‌లో బొడ్డుతాడు రక్తంతో ఒక పిల్లాడి రక్తవ్యాధికి వైద్యం చేశారు. రెండూ రక్తానికే.

మరి కంటికో? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉండే కణాలే కార్నియా పైపొరని నిలబెడతాయి. తాంబూలం సున్నం కంట్లో పడితే అవి చస్తాయి. అప్పుడు కార్నియా మార్చినా నిలవదు. 2001 నుంచి హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలో బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబులో పెంచి, పాడైన కంటికి అతికించారు. 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం 200 మందిలో 142 మందికి నిలిచింది. 2012లో సాంగ్వాన్ బృందం ల్యాబ్ అక్కర్లేని పద్ధతిని ప్రకటించింది. రెండు కళ్ళూ పోయినవాళ్ళకి బుగ్గ లోపలి పొర కణాలు వాడొచ్చని జపాన్ వైద్యులు 2004లో చూపించారు.

కాబట్టి బొడ్డుతాడు రక్తం దాచుకుంటే సర్వరోగాలూ నయమని ఎవరైనా ఈఎమ్ఐ ప్లానుతో వస్తే, సంతకం పెట్టేముందు అడగండి: ఏ కణం, ఏ జబ్బుకి, ఎంతమందికి, ఎన్నేళ్ళు నిలిచింది?