మెకానిక్ మాట నమ్మడమెలా? ఒక ఎనభై ఏళ్ళ కథ

చరిత్ర అనగానే మనకి రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తొస్తాయి. ఈ వారం ప్రసంగంలో అవేమీ లేవు. ఒక కారు, ఒక మెకానిక్, ఏం చెప్పాలో తోచని ఒక కారు యజమాని. ఇంతే కథ. అయితే ఈ కథలో పత్రికలున్నాయి, సెనేటర్లున్నారు, మారువేషాల్లో తిరిగిన ప్రభుత్వోద్యోగులున్నారు. ఆఖర్న మన జేబుకి పనికొచ్చే విషయాలు కూడా ఉన్నాయి.

అమెరికాలో ఉన్న మనలో చాలామందికి ఈ అనుభవం తెలుసు. ఆయిల్ మార్చమని కారు ఇచ్చి ఆఫీసుకి వెళ్తాం. గంటలో ఫోనొస్తుంది. "మీ కారు ముందు స్ట్రట్లు పోయాయండీ, బ్రేకు రోటర్లు అరిగిపోయాయి, మొత్తం పద్ధెనిమిది వందల డాలర్లవుతుంది, ఇలాగే నడిపితే ప్రమాదం, చేసెయ్యమంటారా?" అని అడుగుతారు. వద్దందామంటే అది పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారు. సరేనంటే ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు దానికే పోతుంది. అవతలి మనిషి ముఖం కూడా మనకి కనపడదు.

మన దగ్గర ఈ చిక్కుకి ఒక పాత పరిష్కారం ఉంది. విజయవాడ ఆటోనగర్లో గానీ, మీ ఊరి మెకానిక్ షెడ్డులో గానీ బండి ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు తక్కువ. పక్కనే స్టూలు మీద కూర్చుంటాం. అతను విప్పుతుంటే చూస్తాం. "చూడండి సార్, బేరింగ్ ఎలా పోయిందో" అని అతను నూనె చేత్తోనే మన ముందు పెడతాడు. కొత్తది మనమే వెళ్ళి కొనుక్కొస్తాం. అక్కడ మోసాలు లేవని కాదు, కానీ మన కళ్ళే మనకి కాపలా. ఇక్కడ ఆ కాపలా లేదు. పని జరిగే చోటికి కస్టమర్లు రాకూడదని గోడకి బోర్డు పెట్టి ఉంటుంది. ఇన్సూరెన్సు కోసం పెట్టిన నియమం అది. మరి కళ్ళతో చూడలేని చోట నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది? ఈ దేశం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కున్న తీరే ఇవాళ్టి మన కథ.

1941లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక ఒక పరీక్ష పెట్టింది. పరిశోధకులు కారులో దేశమంతా తిరిగారు. గరాజ్‌కి వెళ్ళే ముందు ఇంజన్లో కాయిల్‌కి వెళ్ళే ఒక వైరు ఊడదీసేవారు. బానెట్ ఎత్తి చూస్తే కనపడే లోపం అది, తిరిగి తగిలిస్తే అయిపోతుంది. ఇలా 347 గరాజ్‌లకి వెళ్ళారు. వాటిలో నూటికి 63 చోట్ల ఏదో ఒక రకంగా మోసం జరిగిందని పత్రిక రాసింది. అక్కర్లేని భాగాలు వేశారు, చెయ్యని పనికి డబ్బు తీసుకున్నారు. ఇదే పరీక్ష రేడియోలు, చేతి గడియారాలు బాగుచేసేవాళ్ళ మీద కూడా పెట్టారు. 304 రేడియో షాపుల్లో సుమారు నూటికి 64, 462 గడియారాల షాపుల్లో సుమారు నూటికి 49 అదే దారి.

అంటే మెకానిక్‌లు పుట్టుకతో దొంగలనా? కాదు. గడియారం, రేడియో, కారు, ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. లోపల ఏముందో యజమానికి తెలియదు. జబ్బేమిటో చెప్పేవాడూ, మందు అమ్మేవాడూ ఒకడే. 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు సరిగ్గా ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు. కొన్ని వస్తువుల మంచిచెడ్డలు కొనేముందే తెలుస్తాయి, చీర లాగ. కొన్నిటివి వాడాక తెలుస్తాయి, మామిడిపండు లాగ. కొన్నిటివి వాడిన తర్వాత కూడా తెలియవు. ఈ మూడో రకానికి వాళ్ళిచ్చిన ఉదాహరణల్లో కారు రిపేరు ఒకటి. కొత్త స్ట్రట్లు వేశారు, కారు బాగానే నడుస్తోంది. పాతవి ఉన్నా బాగానే నడిచేదేమో! అది మనకి ఎప్పటికీ తెలియదు.

దీనికి తోడు జీతం లెక్క ఒకటుంది. ఇక్కడ చాలా గరాజ్‌లలో మెకానిక్‌కి గడియారం చూసి డబ్బివ్వరు. ఫలానా పనికి ఇన్ని గంటలని ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకంలో మూడు గంటలని ఉంటే రెండు గంటల్లో ముగించినా మూడు గంటల కూలి. కానీ వదులైన వైరు ఎక్కడుందో వెతకడానికి గంటసేపు తంటాలు పడితే దానికి దక్కేది తక్కువ. భాగం మారిస్తే డబ్బు, ఆలోచిస్తే నష్టం. ఇలాంటి లెక్కలో నిజాయితీపరుడికే దెబ్బ. 1941లో వైరు తగిలించి "ఏమీ ఇవ్వక్కర్లేదు, వెళ్ళండి" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఆ రోజు ఆ కారు మీద వచ్చింది సున్నా.

ఇరవై ఏడేళ్ళ తర్వాత ప్రభుత్వం కదిలింది. 1968లో సెనేటర్ ఫిలిప్ హార్ట్ కారు రిపేరు వ్యాపారం మీద సెనేట్‌లో విచారణలు మొదలుపెట్టారు. ఆయనది కార్ల పరిశ్రమకి పుట్టిల్లైన మిషిగన్ రాష్ట్రమే. కాలిఫోర్నియా 1971లో ఒక చట్టం చేసింది, దాన్ని అమలు చెయ్యడానికి బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే శాఖ పెట్టింది. ఆ చట్టంలోని ముఖ్యమైన నియమాలు మూడే. ఒకటి, పని మొదలుపెట్టే ముందు ఖర్చు ఎంతో రాసి ఇవ్వాలి. రెండు, దాన్ని మించితే యజమానిని అడగకుండా చెయ్యకూడదు. మూడు, ముందుగా అడిగితే తీసేసిన పాత భాగాలు తిరిగివ్వాలి. వారంటీ కింద కంపెనీకి తిప్పి పంపేవాటిని కనీసం చూపించాలి. మన మెకానిక్ షెడ్డులో స్టూలు మీద కూర్చుని చూసేదే ఇక్కడ కాగితం మీదకి ఎక్కిందన్నమాట.

మిషిగన్ 1974లో తన చట్టం తెచ్చి మెకానిక్‌లకి పరీక్షలు, సర్టిఫికెట్లు తప్పనిసరి చేసింది. 1972లో మొదలైన ఏ.ఎస్.ఈ. సంస్థ దేశమంతటా పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తోంది. గరాజ్ గోడ మీద నీలం గుర్తు చూసే ఉంటారు. అయితే అది స్వచ్ఛందం. పని వచ్చని చెబుతుంది, నిజాయితీకి పూచీ ఇవ్వదు. ఈ రెండూ వేరువేరు సంగతులని 1992లో బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడాది జూన్‌లో కాలిఫోర్నియా బ్యూరో సియర్స్ కంపెనీ ఆటో సెంటర్ల మీద ఆరోపణలు చేసింది. మన తాతల నాటి నుంచి ఈ దేశంలో మధ్యతరగతి ఇళ్ళు కళ్ళు మూసుకుని నమ్మిన పేరది. బ్యూరో మనుషులు మామూలు కస్టమర్లలాగ కార్లు తీసుకెళ్ళారు. 38 సార్లు వెళ్తే 34 సార్లు అక్కర్లేని పని అంటగట్టారని బ్యూరో చెప్పింది. కారణం వెతికితే జీతాల దగ్గర తేలింది. అంతకు కొంతకాలం ముందే కంపెనీ అక్కడి ఉద్యోగులకి అమ్మకాల మీద కమీషన్లు, ఇన్ని అమ్మాలనే కోటాలు పెట్టింది. కావాలని మోసం చెయ్యలేదు, పొరపాట్లు జరిగాయని ఛైర్మన్ ఎడ్వర్డ్ బ్రెన్నన్ చెప్పారు. చెబుతూనే సర్వీస్ సలహాదార్లకి ఆ కమీషన్ పద్ధతి ఎత్తేశారు. ఆ సెప్టెంబరులో రాజీ కుదిరింది, కొన్ని రకాల పనులు చేయించుకున్నవాళ్ళకి 50 డాలర్ల కూపన్లు ఇచ్చారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. పెద్ద కంపెనీ కాబట్టి మంచిది, చిన్న షెడ్డు కాబట్టి చెడ్డది అనే లెక్క చెల్లదు. మనుషులు వాళ్ళే, జీతమిచ్చే పద్ధతి మారేసరికి సలహా మారింది.

తర్వాతి కాలం మనకి కొంచెం కలిసొచ్చింది. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మే కార్లన్నిటికీ ఒకేరకం కంప్యూటర్ ప్లగ్గు ఉండాలని నియమం వచ్చింది. ఇంజన్ దీపం వెలిగితే కారణం తాలూకు కోడ్ ఎవరైనా చదవచ్చు. 2012లో మసాచుసెట్స్ చట్టం, దాని వెనక 2014లో దేశం మొత్తానికి కార్ల కంపెనీల ఒప్పందం వచ్చి, ఆ సమాచారం బయటి గరాజ్‌లకి కూడా అందేలా చేశాయి. అయితే కోడ్ అంటే తీర్పు కాదు, ఫిర్యాదు మాత్రమే. పీ0420 అనే కోడ్ చూసి కాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, వేల డాలర్లని చెబుతారు. నిజంగా అదే కావచ్చు. సెన్సర్ పాడవ్వచ్చు, పొగగొట్టంలో లీకు ఉండొచ్చు. పైగా ఆ కన్వర్టర్‌కి కేంద్ర చట్టం ప్రకారం 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళ వారంటీ ఉంటుంది. డబ్బు కట్టేముందు అది చూసుకోవాలి.

2013లో వచ్చిన ఒక అధ్యయనం మన ఇంట్లో ఆడవాళ్ళు తప్పక వినాలి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు గరాజ్‌లకి ఫోన్లు చేయించి, 2003 కామ్రీకి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి ఏమీ తెలియదన్న ఆడవాళ్ళకి, అదే మాట అన్న మగవాళ్ళ కన్నా ఎక్కువ చెప్పారు. "365 డాలర్లని విన్నాను" అంటే చాలు, ఆ తేడా మాయమైపోయింది. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ఒక్క అంకె తెలిస్తే చాలన్నమాట.

ఇంతకీ ఆ ఫోను వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? చరిత్ర నేర్పినవి చెబుతాను. ఈ రోజు చెయ్యకపోతే ఏమవుతుంది, నెల ఆగితే ఏమవుతుంది అని అడగండి. బ్రేకులైతే ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో అడగండి. కొత్తవి సుమారు 10 నుంచి 12 ఉంటాయి, 3 దగ్గరకొస్తే మార్చాల్సిందే. ఫోటో పంపమనండి. అంచనా కాగితం మీద తీసుకోండి. పాత భాగాలు కావాలని పని మొదలవ్వకముందే చెప్పండి. పెద్ద ఖర్చయితే కారు ఇంకో చోటికి తీసుకెళ్ళండి. మొదటివాళ్ళు ఏం చెప్పారో అక్కడ చెప్పకండి. టైమింగ్ బెల్ట్ లాంటివి కారుతో వచ్చిన పుస్తకంలో ఎన్ని మైళ్ళకి మార్చమన్నారో చూడండి. గడువు దాటి ఉంటే మెకానిక్ చెప్పింది నిజమే. కొన్ని ఇంజన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు విరిగి ఇంజనే పోతుంది. అనుమానంతో మంచి సలహా కాదనుకున్నా నష్టం మనదే.

చివరగా ఒక మాట. లోపం వెతికినందుకు అడిగే వంద, నూట యాభై డాలర్లు మనవాళ్ళకి దండగలా కనిపిస్తాయి. "చూసినందుకు డబ్బేమిటి?" అంటాం. చూసినందుకు ఇవ్వకపోతే మార్చినందుకే ఇవ్వాల్సి వస్తుంది. వైరు ఊడిందని నిజం చెప్పిన మనిషి ఖాళీ చేతులతో మిగిలితే, రేపు అలాంటివాళ్ళు మనకి దొరకరు. అలాంటి మెకానిక్ మీకు దొరికితే అడిగినంత ఇవ్వండి, నలుగురికీ చెప్పండి. ఈ ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలు "అన్నా, ఏ గరాజ్‌కి వెళ్ళమంటారు?" అని అడిగినప్పుడు ఆ పేరు చెప్పండి.

వచ్చేవారం మరో విషయంతో కలుద్దాం.