అన్నదమ్ముల ఆకు

దేవకాంచనం ఆకును ఒకసారి చూసినవారు మళ్లీ మరిచిపోరు. కొస నుంచి లోపలికి చీలి, ఆవు గిట్ట ముద్రలా రెండు పాయలుగా ఉంటుంది. పొద్దు గూకగానే ఆ రెండు పాయలూ నడి ఈనె మీదుగా దగ్గరికి ముడుచుకుంటాయి. బీడు భూముల్లో పెరిగే ఆరె చెట్టు ఆకూ ఇలాగే చీలి ఉంటుంది. మన్యంలో పెద్ద పెద్ద చెట్లను చుట్టేసి పైకి పాకే అడ్డతీగ ఆకూ ఇంతే. మొదటిది ఇంటి ముందు నాటుకునే పూలచెట్టు, రెండోది వంకరటింకర కొమ్మల చిన్న చెట్టు, మూడోది మాను లావు తీగ. పూలలో పోలిక లేదు, కాయల్లోనూ అంతంతమాత్రమే. అయినా వృక్షశాస్త్ర గ్రంథాలు ఎక్కువ కాలం ఈ మూడింటినీ ఒకే ప్రజాతిలో ఉంచాయి. దాని పేరు బౌహినియా.

ఇప్పుడు అడ్డతీగ ఆ ప్రజాతిలో లేదు. అది బయటికి రావడం వెనక మూడు శతాబ్దాల కథ ఉంది. ఆ కథకు మూలం ఆకే.

బౌహిన్ అన్నదమ్ములు 16వ శతాబ్దపు వాళ్లు. తండ్రి ఫ్రాన్స్‌లో వైద్యుడు. ప్రొటెస్టెంటు మతం పుచ్చుకున్నందుకు స్వదేశంలో ఉండలేక స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చేరాడు. పెద్దకొడుకు యోహాన్ 1541లో, చిన్నవాడు కాస్పర్ 1560లో పుట్టారు. మధ్యలో 19 ఏళ్ల తేడా. ఇద్దరూ వైద్యం చదివారు, ఇద్దరూ మొక్కల వెంటే పడ్డారు. యోహాన్ రాసిన మహాగ్రంథంలో సుమారు 5 వేల మొక్కల వర్ణన ఉంది. అది అచ్చయ్యేదాకా ఆయన బతకలేదు; 1650-51లో మూడు సంపుటాలుగా వెలువడింది. తమ్ముడు కాస్పర్ 1623లో ‘పినాక్స్’ అనే పుస్తకం తెచ్చాడు. అప్పట్లో ఒకే మొక్కను ఊరికో పండితుడు ఒక్కో పేరుతో పిలిచేవాడు. ఒకరు రాసింది ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. కాస్పర్ సుమారు 6 వేల మొక్కలకు పాత గ్రంథాల్లో ఉన్న పేర్లన్నీ పోగుచేసి, ఏది దేనికి మారుపేరో తేల్చాడు. ఆ పనికి 40 ఏళ్లు పట్టింది. తర్వాత వచ్చిన వర్గీకరణ అంతా ఆ పునాది మీదే లేచింది.

ఈ అన్నదమ్ముల పేరును చెట్టుకు పెట్టినవాడు చార్లెస్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి. కరీబియన్ దీవులు తిరిగి అక్కడి మొక్కలకు బొమ్మలు వేసి, వర్ణనలు రాసినవాడు. దేవగన్నేరు ప్రజాతి ప్లుమేరియా ఈయన పేరు మీదే ఉంది. 1703లో అచ్చయిన తన పుస్తకంలో ప్లూమియే బౌహినియా అనే ప్రజాతిని ప్రతిపాదించాడు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని అందుకుని, ఒకే మొదలు నుంచి పుట్టిన రెండు పాయల ఆకు ఇద్దరు అన్నదమ్ములకు తగిన గుర్తు అని 1737లో రాశాడు. 1753లో ఆయన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ వెలువడింది. మొక్కల శాస్త్రీయ నామాలకు నేటికీ మొదలు ఆ పుస్తకమే. అందులో బౌహినియా కింద 8 జాతులున్నాయి.

ఆ ఎనిమిదింటిలో మన దేవకాంచనాలు కూడా ఉన్నాయి. లిన్నేయస్ ఎన్నడూ భారతదేశం రాలేదు. మరి ఆయనకు ఎలా తెలిశాయి? కొచ్చిలో డచ్చి కంపెనీ పాలకుడిగా ఉన్న వాన్ రీడ్, స్థానిక వైద్యుల సాయంతో మలబారు మొక్కల మీద ‘హోర్టుస్ మలబారికుస్’ అనే 12 సంపుటాల గ్రంథం తయారు చేయించాడు. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు ఆ పనికి వెన్నెముక. 1678లో వచ్చిన మొదటి సంపుటంలోనే చువన్న మందారు, వెలుత్త మందారు, కాంచనపు అన్న పేర్లతో ఈ చెట్ల పెద్ద పెద్ద బొమ్మలున్నాయి. లిన్నేయస్ వాటినే ఆధారంగా చూపాడు. మన దేశపు నాటువైద్యుల జ్ఞానం ఐరోపా వర్గీకరణలోకి ఇలా చేరింది. ఆ వైద్యులకు దక్కాల్సిన గుర్తింపు ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

ఇక చిక్కు మొదలైంది. ఆకు చీలి ఉంటే చాలు, ఆ మొక్క బౌహినియా. దక్షిణ అమెరికా నుంచి, ఆఫ్రికా నుంచి, ఆగ్నేయాసియా నుంచి కొత్త నమూనాలు వచ్చినకొద్దీ అన్నీ అక్కడికే చేరాయి. పేర్లూ కలగాపులగమయ్యాయి. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ ఆరె చెట్టుకు బౌహినియా రెసిమోజా అని పేరు పెట్టాడు. 1794లో లిన్నేయస్ శిష్యుడు మార్టిన్ వాల్ అదే పేరును అడ్డతీగకు పెట్టాడు. ఆరెకేమో బౌహినియా పార్విఫ్లోరా అన్నాడు. సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, కోస్తా జిల్లాల మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ సైతం వాల్ పేర్లనే అనుసరించాడు. అప్పటి పుస్తకాల్లో రెసిమోజా అన్న మాట కనబడితే, అది చెట్టా తీగా అన్నది రచయితను బట్టి తేల్చుకోవాల్సిందే.

పేర్ల విషయంలో ముందు వచ్చినదానిదే హక్కు అన్నది వృక్షశాస్త్ర నియమం. కాబట్టి లామార్క్ పేరు ఆరెకు ఉండిపోయింది. పేరు లేకుండా మిగిలిన అడ్డతీగకు 1834లో రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ కలిసి బౌహినియా వాహ్లై అని పెట్టారు. పొరపడిన వాల్‌కే ఆ పేరు అంకితమైంది. వైట్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. ఆయన పుస్తకాల్లోని వందలాది చిత్రాలు వేసింది రంగయ్య, గోవిందు అనే ఇద్దరు దేశీ చిత్రకారులు. గోవిందు పేరిట వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని నామకరణం చేశాడు. ఆ కాలంలో ఒక భారతీయ చిత్రకారుడికి అలాంటి గౌరవం దక్కడం చాలా అరుదు.

ఇన్ని రకాల మొక్కలు ఒకే ప్రజాతిలో ఉండటం సరికాదని మొదట్లోనే అనుకున్నవారున్నారు. వియత్నాం ప్రాంతంలో మూడు దశాబ్దాలకు పైగా గడిపిన పోర్చుగీసు మతగురువు లోరైరో 1790లో ఫానెరా అనే వేరే ప్రజాతిని పెట్టాడు. నులితీగలతో పట్టుకుని పైకి పాకే ఎర్రపూల మొక్క అందులో మొదటిది. 1852లో ఇంగ్లండుకు చెందిన జార్జ్ బెంథామ్ మన అడ్డతీగను అందులోకి మార్చి ఫానెరా వాహ్లై అన్నాడు. అదే బెంథామ్ 1865లో మనసు మార్చుకుని ఫానెరాను మళ్లీ బౌహినియాలో కలిపేశాడు. బ్రిటిష్ ఇండియా వృక్షసంపదపై 1878లో వచ్చిన సంపుటం కూడా ఆ దారినే నడిచింది. మన కళాశాలల్లో తరాల తరబడి విద్యార్థులు చదువుకున్నది ఈ పెద్ద బౌహినియానే. 1987లో వుండర్లిన్, లార్సెన్ దంపతులు ప్రపంచంలోని ఈ మొక్కలన్నిటినీ తిరిగి సమీక్షించి, లోపల విభాగాలు చేశారు గానీ ప్రజాతిని మాత్రం ఒక్కటిగానే ఉంచారు.

కలపాలా, విడదీయాలా అన్న ఈ వాదం కేసరాల లెక్కతో, మొగ్గ విచ్చే తీరుతో తేలలేదు. దేవకాంచనం మొగ్గ ఒక పక్కన చీలి, దాని రక్షక పత్రాలు దొన్నెలా ఒకవైపుకు ఒరుగుతాయి. తీగజాతుల్లో మొగ్గ పైనుంచి రెండు మూడు ముక్కలుగా విచ్చుకోవడం ఎక్కువ. ఇది చాలా పెద్ద తేడా అని ఒకరంటే, చిన్నదేనని ఇంకొకరు అన్నారు.

తీర్పు డీఎన్‌ఏ నుంచి వచ్చింది. 2009లో వెలువడిన ఒక అధ్యయనం ఆకుల్లోని హరితరేణువుల డీఎన్‌ఏను పోల్చి, ఈ మొక్కల వంశవృక్షాన్ని గీసింది. అందులో రెండు పెద్ద శాఖలు తేలాయి. ఒక శాఖలో దేవకాంచనం వంటి అసలు బౌహినియాలు, ఆఫ్రికా–ఆసియాల పిలియోస్టిగ్మా, మడగాస్కర్‌లో మాత్రమే పెరిగే బ్రెనియేరియా ఉన్నాయి. రెండో శాఖలో ఆసియా తీగలైన ఫానెరా, అమెరికా తీగలైన ష్నెల్లా, ఆస్ట్రేలియా లైసిఫిల్లం, దక్షిణాఫ్రికా ప్రాంతంలో గింజల కోసం సేకరించే టైలోసీమా వంటివి చేరాయి. బ్రెనియేరియా ఎలాంటిదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎండుభూమిలో బతికే పొద అది. బల్లపరుపుగా మారిన పచ్చటి కాడలే దానికి ఆకుల పని చేస్తాయి. అసలు ఆకులు చిన్నవి, త్వరగా రాలిపోతాయి. ఆకు కంటికి ఆనని ఆ పొద దేవకాంచనానికి దగ్గరి చుట్టం. అచ్చం దేవకాంచనం ఆకునే పెద్దదిగా చేసినట్టుండే అడ్డతీగ దూరపు చుట్టం. చీలిన ఆకు ఈ రెండు శాఖలకూ ఉమ్మడిగా వచ్చిన పాత ఆస్తి. దాన్ని పట్టుకుని ఎవరు ఎవరికి దగ్గరో చెప్పడం కుదరదు.

ఆ ఆకు ఎలా పుట్టిందన్నదానికి ఆధారం సెర్సిస్ అనే మరో ప్రజాతి వైపు చూస్తే దొరుకుతుంది. మధ్యధరా తీరంలో, చైనాలో, ఉత్తర అమెరికాలో పెరిగే ఈ చెట్లది హృదయాకారపు నిండు ఆకు. ఈ వంశంలో మొదట విడిపోయిన కొమ్మ ఇదే. సెర్సిస్ కణంలో 14 క్రోమోజోములుంటే బౌహినియాలో 28 ఉంటాయి. అంటే పూర్వం ఎప్పుడో మొత్తం జన్యుసంపద రెట్టింపు అయింది. ఇవన్నీ చేరిన చిక్కుడు కుటుంబంలో మిగతా చాలా శాఖలు ఇలాంటి రెట్టింపును చూశాయి. సెర్సిస్ మాత్రం చూడలేదు. అందుకే జన్యుశాస్త్రజ్ఞులకు అది అంత విలువైనది.

2017లో చిక్కుడు కుటుంబంపై పనిచేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం మొత్తం కుటుంబాన్నే తిరగరాసింది. అప్పటి లెక్క ప్రకారం సుమారు 765 ప్రజాతులు, 19,500 జాతులు ఉన్న కుటుంబం ఇది. పాఠ్యపుస్తకాల్లో మూడు ఉపకుటుంబాలుగా చెప్పుకున్నది ఆరయింది. తంగేడు, రేల ఉన్న పాత ఉపకుటుంబం నుంచి బౌహినియాలు, సెర్సిస్‌లు బయటికి వచ్చి సెర్సిడాయిడీ అనే సొంత ఉపకుటుంబంగా నిలిచాయి. అందులో 12 ప్రజాతులను గుర్తించారు. ఫానెరా వాటిలో ఒకటి. 1852లో బెంథామ్ పెట్టి, తర్వాత వెనక్కి తీసుకున్న పేరే అడ్డతీగకు తిరిగి వచ్చింది.

ప్రజాతి చీలినప్పుడు పాత పేరు ఎవరికి దక్కాలన్నదానికీ నియమం ఉంది. ఆ పేరుకు ప్రమాణంగా ఎంచిన ఆధార జాతి ఏ పక్కనుంటే పేరు ఆ పక్కకే. బౌహినియాకు ఆధార జాతి మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల బౌహినియా డైవారికేటా. దేవకాంచనాలు, ఆరె దాని పక్కన ఉన్నాయి కాబట్టి వాటికి పేరు మారలేదు. లిన్నేయస్ స్వయంగా చేర్చిన ఎనిమిదింటిలో తీగజాతి స్కాండెన్స్ మాత్రం ఫానెరాకు వెళ్లిపోయింది.

రక్తసంబంధం ఎంత గట్టిదో చూపే ఉదాహరణ హాంకాంగ్‌లో ఉంది. 1880 ప్రాంతంలో పోక్‌ఫులామ్ దగ్గర పాడుపడిన ఇంటి పక్కన ఒక ఫ్రెంచి మతగురువుకు ముదురు గులాబీ రంగు పూల చెట్టు కనిపించింది. కొమ్మలు తెచ్చి మిషన్ ఆవరణలో నాటారు. అక్కడి నుంచి అది నగర వృక్షోద్యానానికి చేరింది. 1908లో స్టీఫెన్ డన్ దానికి మాజీ గవర్నర్ హెన్రీ బ్లేక్ దంపతుల పేరిట బౌహినియా బ్లేకియానా అని పేరుపెట్టాడు. ఆ చెట్టు గింజ కట్టదు. 2005లో హాంకాంగ్ పరిశోధకులు దాని పుట్టుక తేల్చారు: మన రెండు దేవకాంచనాలు, పర్పురియా, వేరియేగేటాల సంకరం అది. ప్రపంచంలో ఉన్న బ్లేకియానాలన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మల నుంచి అంటుకట్టి పెంచినవే. 1965లో అది ఆ నగరపు అధికార పుష్పం అయింది. 1997 నుంచి ఎర్రటి జెండా మీద ఐదు రేకల తెల్లపువ్వుగా ఎగురుతున్నది అదే.

మన దగ్గర ఈ చెట్లకు జెండా గౌరవం లేదు గానీ నిత్యజీవితంలో చోటుంది. వినాయకచవితి పత్రిలో గండకీ పత్రం అంటే దేవకాంచనం ఆకే అని చాలామంది చెబుతారు. తునికాకు దొరకని చోట ఆరె ఆకుతో బీడీలు చుట్టారు. మహారాష్ట్రలో దసరా నాడు బంగారమని చెప్పి పంచుకునేది ఈ ఆరె ఆకే. తెలంగాణలో ఆ స్థానం జమ్మిది. అడ్డతీగ సంగతి ఇంకా పెద్దది. జానెడుకు మించిన దాని ఆకులను మన్యం ఆడవాళ్లు కోసి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో విస్తళ్లు కుడతారు. నార తాళ్లవుతుంది, గింజలు వేయించుకు తింటారు. ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పళ్లేలు వచ్చాక ఆ విస్తరికి గిరాకీ తగ్గడం బాధాకరం. అడవిలో తీగ బతికి ఉన్నంతకాలం ఏటా కొత్త ఆకులిచ్చే సరుకు అది.

కొత్త పేరు వచ్చిందని పాత పేరును చెరిపేస్తే నష్టమే. రాక్స్‌బర్గ్ నుంచి నేటి దాకా అడ్డతీగ మీద జరిగిన పరిశోధన ఎక్కువగా బౌహినియా అన్న పేరు కిందే ఉంది. ఫానెరా అని మాత్రమే వెతికే విద్యార్థికి అదంతా దొరకదు. పాత పేరొక్కటే తెలిసినవారికి ఇకపై రాబోయేది దొరకదు. కాస్పర్ బౌహిన్ 40 ఏళ్లు కూర్చుని చేసిన పని సరిగ్గా ఇలాంటి ఇబ్బందిని తీర్చడానికే. అటవీశాఖ జాబితాల్లో, వృక్షోద్యానాల పలకల మీద, పాఠ్యపుస్తకాల్లో ప్రస్తుత నామం, పాత నామం, తెలుగు పేరు మూడూ పక్కపక్కన ఉండాలి. ఫానెరా వాహ్లై, బౌహినియా వాహ్లై, అడ్డతీగ. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. రాష్ట్ర జీవవైవిధ్య మండళ్లు తలుచుకుంటే చాలు.

పాఠకులు చేయగల పని కూడా ఒకటుంది. వీధిలో దేవకాంచనం పూసినప్పుడు పువ్వులో పుప్పొడి ఉన్న కేసరాలు లెక్కపెట్టండి. శీతకాలం మొదట్లో ఆకుల మధ్య పూసి, మూడే ఉంటే అది పర్పురియా. చలి తగ్గాక దాదాపు ఆకు లేని కొమ్మకు పూసి, ఐదుంటే వేరియేగేటా. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, లెక్క వాళ్లచేతే పెట్టించండి.