లాప్‌టాప్‌ను బడికి తెచ్చేటప్పుడు, ఇంట్లో వాడేటప్పుడు

ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలు కొందరు లాప్‌టాప్‌ను బస్సులోనో, నాన్నగారి బండి మీదో బడికి తెస్తున్నారు. కిందపడితేనే అది పాడవుతుందని అనుకుంటాం గానీ, సంచిలో నలిగినా, వేడెక్కినా పాడవుతుంది.

మూత వేసినంత మాత్రాన అది ఆగిపోయినట్టు కాదు. మామూలుగా స్లీప్‌లోకి వెళుతుంది, అంతే. దారిలో ఏ అప్‌డేట్ కోసమో మేలుకుందంటే గాలాడని సంచిలో ఆ వేడి పోయే దారి ఉండదు. దిగేసరికి సంచి వెచ్చగా తగిలితే కారణం అదే కావచ్చు. కాబట్టి బయలుదేరే ముందు షట్‌డౌన్ చేయండి, లైట్లు ఆరాయని చూసుకుని లోపల పెట్టండి. పాతవాటిలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. అది తిరుగుతుండగా గట్టిగా కుదిపితే లోపలి పళ్లెం మీద గీత పడి, చేసుకున్న ప్రాజెక్టంతా పోవచ్చు.

సంచిలో లాప్‌టాప్‌కు వీపు వైపు అర వదలండి. నీళ్ల సీసా, సాంబారు డబ్బా వేరే సంచిలో ఉంటేనే మేలు. కీబోర్డు మీద పెన్ను మరిచి మూత వేస్తే స్క్రీన్ పగులుతుంది. ఎత్తేటప్పుడు స్క్రీన్ పట్టుకోకండి, అడుగు భాగాన్ని రెండు చేతులతో పట్టుకోండి.

ఇంట్లో అసలు శత్రువు పరుపు. చాలా లాప్‌టాప్‌లు అడుగునున్న సందుల్లోంచే గాలి పీల్చుకుంటాయి. పరుపు, దిండు వాటిని మూసేస్తాయి. బల్ల లేకపోతే పరీక్ష అట్టో, చెక్క పీటో చాలు, కూలింగ్ ప్యాడ్ కొనాల్సిన పనిలేదు. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి వస్తే తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మొత్తం ఆగిపోతుంది. "నాన్నా, సిస్టమ్ స్లో అయింది" అని పిల్లలంటే, కొత్తది కొనే మాటకు ముందు అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఫ్యాన్ సందుల్లో దుమ్ముంటే, ఆపేసి మెత్తటి బ్రష్‌తో తుడవండి. గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని చాలా కంపెనీలు చెబుతాయి. అలాంటప్పుడు ఎండలో నిలిపిన కారులోనో, స్కూటర్ డిక్కీలోనో దాన్ని వదలడం ఎంత ప్రమాదమో మీరే చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అది మంటలు రేపగలదు. పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు. ఛార్జర్ తీసేసి, ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా రిపేరు షాపుకు తీసుకెళ్లండి. ఫైళ్ల సంగతి అప్పుడు చూసుకోవడం కుదరదు, వాటిని వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటూ ఉండండి. తీసేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో వేయకుండా ఆ షాపులోనే ఇచ్చేయండి.