కోయిలకుంట్ల ఉరికంబం, పీటర్ వాట్కిన్స్ కెమెరా

బ్రిటిష్ దర్శకుడు పీటర్ వాట్కిన్స్ 1971లో తీసిన 'పనిష్మెంట్ పార్క్' పూర్తిగా కల్పితం. అయినా వార్తాచిత్రం చూస్తున్నట్టే ఉంటుంది. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన యువకులను ఒక గుడారంలో విచారిస్తారు. శిక్ష పడినవారు ఏళ్ల తరబడి జైల్లోనైనా ఉండాలి, లేదా కాలిఫోర్నియా ఎడారిలో 53 మైళ్లు నడిచి మూడు రోజుల్లో అమెరికా జెండాను చేరాలి. వెనక పోలీసులు తరుముతుంటారు. ఇంత కల్పనకూ ఆధారమైన 1950 నాటి మెక్‌కారన్ చట్టం మాత్రం నిజమైనదే. అంతకుముందు 1964లో బీబీసీ కోసం తీసిన 'కలోడెన్'లో వాట్కిన్స్ 1746 నాటి స్కాట్లాండ్ యుద్ధరంగంలోకే టీవీ కెమెరాను పంపాడు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నడిపిన 1846 నాటి రేనాటి తిరుగుబాటును తెరకెక్కించాలనుకునేవారికి 'కలోడెన్' చిత్రమే ఎక్కువ దారి చూపుతుందని నా వాదన.

1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చాక థామస్ మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి పింఛన్లతో సరిపెట్టాడు. నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. మాతామహుడైన నొస్సం జయరామిరెడ్డి పింఛనులో వాటా అడిగితే సర్కారు కాదంది. మన కథనాలు చాలావరకు ఈ అవమానం దగ్గరే ఆగుతాయి. ఒక ఇంటి పింఛను కోసం వందల మంది కొండలెక్కుతారా? ఊరి కావలి కాసి మాన్యాలు అనుభవించే కట్టుబడులకు ఆ భూములు పోతాయన్న భయం పట్టుకుంది. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన నరసింహారెడ్డి దండుకు బలం వాళ్లే. వారితో బోయలూ చెంచులూ కలిశారు.

అప్పటికి కోయిలకుంట్ల కడప జిల్లాలోనే ఉంది. కడప కలెక్టరు కాక్రేన్ హయాంలో సైన్యం కదిలింది. అక్టోబరులో పెరుసోమల దగ్గర నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేలకు పైగా జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను 1877 వరకూ కోటగోడ మీద ఉంచారని చరిత్రకారులు రాశారు. ముప్పై ఏళ్లు! ఉరి నాటికి పుట్టని పిల్లలు కూడా ఆ తలను చూస్తూ పెరగాలన్నదే సర్కారు ఉద్దేశమని నేననుకుంటాను. వారెంట్లు మాత్రం దాదాపు వెయ్యి మంది మీద జారీ అయ్యాయి. 412 మందిని నేరం మోపకుండా వదిలారు, 273 మందికి జామీను ఇచ్చారు, 112 మందికి శిక్షలు వేశారు. ఏ నేరమూ మోపలేని ఆ 412 మంది సర్కారు కాగితాల్లో ఒక అంకె. నరసింహారెడ్డి మీద కట్టిన జానపద పాటల్లోనూ వారికి చోటు తక్కువే.

2019లో సురేందర్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' ఈ చరిత్రను దేశమంతటికీ చేర్చింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ అందులో కథ చెప్పేది ఝాన్సీ లక్ష్మీబాయి. 1857 కోసం 1846ను తలుచుకునే ఆ చట్రంలో రేనాటి మాన్యాల గొడవ స్వాతంత్ర్య సమరానికి తొలి అంకంగా మారిపోతుంది, కట్టుబడి నాయకుడి వెనక గుంపులో కలిసిపోతాడు.

'కలోడెన్' అలా చేయలేదు. తెగ నాయకుడి దగ్గర కౌలుకున్న పేదవాడు ఆయన పిలిస్తే యుద్ధానికి రాక తప్పదని ముందే చెబుతుంది. అతడు ఏ షరతు మీద వచ్చాడో తెలిశాక అతని చావు మరింత బాధిస్తుంది. స్కాట్లాండ్ హైలాండర్ల పాత్రల్లో వాట్కిన్స్ ఇన్వర్నెస్ పరిసరాల మామూలు మనుషులనే నిలబెట్టాడు.

ఇదే పద్ధతి మన దగ్గర పాటిస్తే నొస్సం, ఉయ్యాలవాడ, పెరుసోమల వాళ్లే నటించాలి. టీవీ కెమెరాతో వచ్చిన విలేకరి మొదట వారెంట్లు రాసిన గుమాస్తాను పట్టుకోవాలి: ఈ పేర్లు ఎవరిచ్చారు? తర్వాత విడుదలైన కట్టుబడిని అడగాలి: నువ్వు లేనప్పుడు నీ మాన్యం ఎవరు దున్నారు, ఇప్పుడది ఎవరి పేరు మీద ఉంది? తిరుగుబాటుదార్ల చేతిలో చనిపోయిన తాసిల్దారు ఇంటికీ వెళ్లాలి. ఆయనా తెల్లదొర కాడు. ఆ ఇంటివాళ్ల మాటను ఎడిటింగులో కోసేయకూడదు.