మెదడువాపు వైరసులు – కణములోని చిన్న ఆజ్ఞలు

2003వ సంవత్సరము జూన్ మొదలు ఆగస్టు వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ మొదలగు జిల్లాలలో, పసిపిల్లలకు ఒక భయంకరమైన జ్వరము సోకినది. అంతవరకు ఆడుకొనుచున్న బిడ్డకు హఠాత్తుగా తీవ్ర జ్వరము వచ్చెడిది. వాంతులు, మూర్ఛలు కలిగి కొద్ది గంటలలోనే స్పృహ తప్పెడిది. 329 మంది పిల్లలు వ్యాధికి గురి కాగా 183 మంది మరణించిరి. ఆసుపత్రికి చేర్చిన ఒక దినములోపలనే కన్నుమూసినవారు అనేకులు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు రోగుల నమూనాలను పరీక్షించి, దీనికి చండీపురా వైరస్ కారణమని తేల్చిరి.

ఈ వైరస్ అప్పుడు కొత్తగా పుట్టినది కాదు. 1965లో నాగపూరు నగరములోని చండీపురా ప్రాంతమున జ్వరపీడితుల రక్తమునుండి దీనిని మొదట వేరుచేసిరి. ఆ పేటపేరే దీనికి స్థిరపడినది. ఇది పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వైరస్ కుటుంబమునకు చెందినది. దీనిని ఇసుక ఈగలు వ్యాపింపజేయును. తడిసిన మట్టిగోడల పగుళ్లు, పశువుల కొట్టములు ఈ ఈగలకు నివాసములు. కర్ణాటక సరిహద్దుకు చేరువనున్న నారాయణఖేడ్ వంటి ప్రాంతముల పల్లెవాసులకు అట్టి గోడలు, కొట్టములు తెలియనివి కావు.

మన దేశమున దీనికంటె ముందే తెలిసిన మెదడువాపు వ్యాధి మరియొకటి కలదు. అది జపానీస్ మెదడువాపు. ఇది మనుష్యులలో 1955లో వెల్లూరు ప్రాంతమున మొదట గుర్తింపబడినది. వరిమళ్ల నీటిలో పెరుగు క్యూలెక్స్ దోమలు పందులనుండి, నీటిపక్షులనుండి ఈ వైరస్‌ను మనుష్యులకు చేర్చును.

ఈ వ్యాధులలో మెదడునకు హాని కలిగించునది వైరస్ మాత్రమేనా? మెదడులో మైక్రోగ్లియా అను రక్షక కణములు కలవు. ఊరికి తలారి ఎట్టివాడో మెదడునకు ఇవి అట్టివి. శత్రువు ప్రవేశింపగనే ఇవి కేక వేసి వాపును పుట్టించు రసాయనములను వెలువరించును. కేక తగినంతగా లేనిచో శత్రువు ప్రబలును. మితిమీరినచో ఆ వాపే నాడీకణములను చంపును. కావున ఈ కేకను అదుపులో నుంచునది ఏది యను ప్రశ్న ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

దీనికి సమాధానములో కొంత భాగము ఒక చిన్న పురుగునుండి లభించినది. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కన్ అను శాస్త్రజ్ఞులు ఒక మిల్లీమీటరు పొడవుగల పురుగును పరిశీలించుచు, సుమారు 22 అక్షరములు మాత్రమే గల ఆర్.ఎన్.ఏ. తునక యొకటి జన్యువులను అదుపుచేయుచున్నదని కనుగొనిరి. కణములో మాంసకృత్తు తయారు కావలెనన్న జన్యువునుండి ఒక ఉత్తరువు, అనగా వార్తాహర ఆర్.ఎన్.ఏ., వెలువడవలెను. ఈ చిన్న తునక ఆ ఉత్తరువుకు అతుకుకొని దానిని చెల్లకుండ చేయును. అట్టి తునకలకు మైక్రో ఆర్.ఎన్.ఏ. అని పేరు వచ్చినది. మొదట ఇది పురుగులోని వింతగా తోచినది. 2000లో అట్టిదే మరియొకటి మానవునితో సహా అనేక జంతువులలో కనిపించిన పిమ్మట దీని ప్రాముఖ్యము తెలిసివచ్చినది. 2024లో ఆ యిరువురకు నోబెల్ బహుమానము లభించినది.

2004లో ఎప్‌స్టీన్–బార్ వైరస్ సోకిన మానవ బి-కణములలో ఆ వైరస్ తన స్వంత మైక్రో ఆర్.ఎన్.ఏ.లనే తయారుచేయుచున్నట్లు వెల్లడి అయినది. 2006లో డేవిడ్ బాల్టిమోర్ పరిశోధనశాలవారు 146 సంఖ్యగల మైక్రో ఆర్.ఎన్.ఏ. రక్షక కణములకు కళ్లెమువంటిదని చూపిరి. కేక మొదలుకాగానే అది పుట్టి, కేకను మోసికొనిపోవు మాంసకృత్తులను తగ్గించును.

ఈ కళ్లెమును వైరస్ చేజిక్కించుకొన్నచో? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు సునీత్ కుమార్ సింగ్ బృందమువారు 2015లో దీనికి ఉదాహరణము చూపిరి. జపానీస్ మెదడువాపు వైరస్‌లోని ఒక తెగ మానవ మైక్రోగ్లియా కణములలో ప్రవేశించినప్పుడు 146-ఎ పెరిగినది. దానితో రక్షణ చర్యలు మందగించినవి. తలారి నోరు శత్రువే మూసినట్లయినది.

చండీపురా మార్గము దీనికి విరుద్ధము. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునుండి 2021లో సింగ్ బృందమువారే వెలువరించిన ఫలితముల ప్రకారము, ఈ వైరస్ సోకిన మైక్రోగ్లియాలో 21 సంఖ్యగల మైక్రో ఆర్.ఎన్.ఏ. పెరుగును. అది పి.టి.ఇ.ఎన్. అను మాంసకృత్తును తగ్గించును. ఆ మాంసకృత్తు ఎ.కె.టి. అను మరియొక మాంసకృత్తును పట్టి ఉంచునది. పట్టు సడలగనే ఎ.కె.టి. చెలరేగి, ఎన్.ఎఫ్. కప్పా-బి అను మీటను నొక్కును. వాపు రసాయనములు వెల్లువెత్తును. ఇచ్చట తలారి దొంగను తరుముటకు కాగడా పట్టి తన ఊరి కప్పులనే అంటించిన వాడగుచున్నాడు.

ఇవి గాజుపాత్రలలో పెంచిన కణములలో తేలిన సంగతులు. రోగి మెదడులో అనేక కణములు, అనేక ఆజ్ఞలు ఒకేసారి పనిచేయుచుండును. కావున దీనినుండి మందు పుట్టుటకు ఇంకను చాల దూరము కలదు. అయినను ఒక పాఠము స్పష్టము. మెదడువాపు లన్నిటికి ఒకే చికిత్స తగదు. ఒకచోట కళ్లెము వదలవలెను, మరియొకచోట బిగింపవలెను.

జపానీస్ మెదడువాపునకు టీకాలు కలవు. 2013లో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ కోలారు ప్రాంతపు వైరస్ తెగనుండి తయారుచేసిన టీకా వానిలో ఒకటి. చండీపురాకు ఇంతవరకు టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు. 2024లో గుజరాతులో అది మరల పిల్లలను బలిగొన్నది. కణములోని ఆజ్ఞలు పూర్తిగా తెలియువరకు గోడల పగుళ్లు పూడ్చుట, కొట్టములను శుభ్రముగా నుంచుట, దోమతెర కట్టుట, జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డను గంటయైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చుట – ఇవియే మన చేతిలోని రక్షణలు.