పొబాస్సూ లెక్క, ఇసుక లెక్క

1803 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా ఉత్తర తీరాన్ని పటంగా గీస్తూ పోతున్న ఇంగ్లిష్ నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌కు ఒకచోట ఆరు పడవలు కనిపించాయి. వాటి నాయకుడు పొబాస్సూ అనే పెద్దాయన. ఇప్పటి ఇండొనేసియాలోని మకస్సర్ నుంచి వచ్చాడు. ఫ్లిండర్స్ ఓడలో వంటవాడు మలయావాడు కావడంతో మాటలు కుదిరాయి. ఈ తీరం మీద మావాళ్లవి అరవై పడవలున్నాయి, వెయ్యిమందిమి వచ్చాం అన్నాడు పొబాస్సూ. అంతమంది సముద్రం దాటింది సముద్ర దోసకాయల కోసం. అడుగున ఇసుక మీద పాకే జంతువులివి. చైనాలో మంచి గిరాకీ.

పని ఎలా జరిగేదో ఫ్లిండర్స్ శ్రద్ధగా రాసిపెట్టాడు. మూడు నుంచి ఎనిమిది బారల లోతుకు మునిగి, మునకకు ఎనిమిదో పదో పట్టుకొస్తారు. ఒక పక్క చీల్చి, ఉడకబెట్టి, రాళ్ల కింద అణచి, వెదురు పుల్లలతో విప్పార్చి ఎండలో ఆరేస్తారు. ఆపైన పొగ పెడతారు. బానలు ఎక్కించిన రాతి పొయ్యిల వరసలు ఆ ఉత్తర తీరంలోని ఆర్నెమ్ ల్యాండ్ ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు తిని పారేసిన గింజల నుంచి మొలిచిన చింతచెట్లూ ఉన్నాయి. తెలుగువాణ్ణి కదా, ఈ చరిత్రలో నా కన్ను ముందు పడింది వాటి మీదే.

ఫ్లిండర్స్ రాసిన ప్రకారం వెయ్యి కాయలైతే పికుల్ అనే ఒక తూకం, వంద పికుల్స్ అయితే ఒక పడవ సరుకు. అంటే పడవకు లక్ష. అరవై పడవలూ నిండితే అరవై లక్షల జంతువులు! పొబాస్సూ కాస్త గొప్పలు పోయాడనుకుని సగానికి సగం కోసేసినా ముప్ఫై లక్షలు.

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, ఈ సంఖ్య చూశాక ఊరుకోలేకపోయాను. ఈ జంతువు తినేది ఇసుకనే. అందులోని బ్యాక్టీరియానూ, సన్నటి నాచునూ, కుళ్లినదాన్నీ అరిగించుకుని మిగతాది వెనకనుంచి వదిలేస్తుంది. పొట్టలోని ఆమ్లానికి పగడపు ఇసుకలోని సున్నం కొంత కరిగి, నీటి క్షారత పెరుగుతుంది. విసర్జించే అమ్మోనియా నాచుకు ఎరువు. తిరగబడ్డ ఇసుకలోకి ఆక్సిజన్ దిగుతుంది. అది అందని చోట ఇసుక నల్లబడి కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది.

గ్రేట్ బారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ దీవి దగ్గర, రాత్రివేళ కరిగే సున్నంలో సగం దాకా వీటి పొట్టల్లోనే కరుగుతుందని 2011లో అంచనా కట్టారు. పక్కనే ఉన్న హెరాన్ దిబ్బ మీద ముప్ఫై లక్షల పైచిలుకు జంతువులు ఏడాదికి 64,000 టన్నుల ఇసుకను తిరగేస్తాయని మరో లెక్క. పొబాస్సూ సరుకులో నేను సగం కోసి మిగిల్చినన్ని! మకస్సర్‌వాళ్లు ఎక్కువగా పట్టింది వేరే రకం. తీరం దగ్గరి బురదలో, గడ్డిమడుల్లో రోజులో కొంతసేపు పూడుకుని ఉండేది. కాబట్టి హెరాన్ టన్నుల్ని ఆర్నెమ్ ల్యాండ్‌కు అంటగట్టను. కానీ ఆ పడవల్లోకెక్కింది ఇసుకను తిరగేసే కూలీలే అన్నది మాత్రం ఖాయం.

దొరతనం లెక్క వేరు. 1882 నుంచి, అప్పట్లో ఈ ఉత్తర తీరాన్నీ ఏలుతున్న దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం మకస్సర్ పడవల నుంచి లైసెన్సు రుసుమూ, సుంకమూ పిండింది. తర్వాత లైసెన్సులే ఆపేసింది. 1907లో చివరి పడవ వెనుదిరిగింది. ఏటా వాయవ్యపు గాలితో వచ్చే గుడ్డ, పొగాకు, ఇనప కత్తులు ఆర్నెమ్ ల్యాండ్ మూలవాసులైన యోల్ంగు జనానికి ఆగిపోయాయి. దోసకాయల వేట మాత్రం ఆగలేదు. తెల్ల వ్యాపారుల చేతికి మారింది, అంతే.